మడత మన చేతిలోనే ఉంది: ఇంట్లో ఫ్రెంచి పొరల తీపి అప్పచ్చులు

(సమాఖ్య వార్షిక మహాసభలో ముక్తేశ్వరం సంఘాల సభ్యుల తరఫున చేసిన ప్రసంగం)

ఏటేటా ఈ సభలో పొదుపు ఎంతయింది, అప్పు ఎంత తీరింది, బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది అనే లెక్కలు చెప్పుకుంటాం. ఈసారి జీవనోపాధుల అంశం కింద ఒక వంట గురించి చెప్పమని మాకు అవకాశం ఇచ్చారు. వంట అంటే చాలామంది నవ్వారు. వంట మనకి కొత్తేమిటి అన్నారు. వంట కొత్త కాదండి, లెక్క కొత్త. అందుకే ఈ రెండూ కలిపి చెబుతాం.

మేము చెప్పబోయేది ఫ్రెంచివాళ్ల పొరల పిండితో చేసే తీపి అప్పచ్చుల గురించి. పేరు వినగానే ఇది పట్నం బేకరీ వ్యవహారం, మనకెందుకు అనిపిస్తుంది. కానీ మీరు అమలాపురం బస్టాండు దగ్గర తినే కర్రీ పఫ్, ఎగ్ పఫ్, పిల్లలు టీలో ముంచుకునే ఖారీ, ఇవన్నీ ఆ పొరల పిండి కుటుంబంలోవే. పంచదార చల్లి గుండె ఆకారంలో ఉండే చిన్న బిస్కెట్లు, లిటిల్ హార్ట్స్ అని పిల్లలు కొనుక్కుంటారు చూడండి, ఆ ఆకారం కూడా ఒక ఫ్రెంచి మిఠాయి ఆకారమే. దాని అసలు పేరు పామియే. పామియే అంటే వాళ్ల భాషలో తాటి, కొబ్బరి జాతి చెట్టు. ఆ చెట్టు ఆకు విచ్చుకున్నట్టు ఉంటుందని ఆ పేరు. కొబ్బరి చెట్టు పేరున్న మిఠాయిని కోనసీమలో చేసుకోకపోతే ఇంకెక్కడ చేస్తారండి?

ఫ్రెంచివాళ్లు కూడా మనకి మరీ దూరం వాళ్లేం కాదు. మన గౌతమి ఒడ్డునే కిందికి వెళితే యానాం. అక్కడ 1954 దాకా ఫ్రెంచి పాలనే నడిచింది. ఇప్పుడు ఎదుర్లంక వారధి దాటితే యానాంలో దిగిపోతాం.

మడత మనకి కొత్త కాదు

ముందు ఒక మాట ధైర్యంగా చెప్పాలి. పొరలు పెట్టే విద్య మన గోదావరి జిల్లాలకి ఎవరూ నేర్పక్కర్లేదు. తాపేశ్వరం మడత కాజా చూడండి. మైదా పిండి పల్చగా ఒత్తి, మధ్యలో నెయ్యి, పొడి పిండి రాసి, చుట్టి, కోసి, ఒత్తి, వేయించి పాకంలో వేస్తారు. కొరికితే పొర పొరకీ మధ్య పాకం ఉంటుంది. ఆత్రేయపురం పూతరేకులు చూడండి. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ లాగితే కాగితం కన్నా పల్చటి రేకు వస్తుంది. ఆ రేకుల మధ్య నెయ్యి, పంచదార లేదా బెల్లం వేసి మడుస్తారు. ఆ పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ రేకు తీసే చేతులు ఎక్కువగా ఆడవాళ్లవే.

ఫ్రెంచి పిండిలో ఉన్నదీ అదే సంగతి. పిండి పొర, కొవ్వు పొర, పిండి పొర, కొవ్వు పొర. కాజాలో పొర నూనెలో విచ్చుకుంటుంది, వీళ్లది పొయ్యి వేడికి విచ్చుకుంటుంది. ఫ్రాన్సులో లా వరెన్ అనే వంటాయన 1651లో అచ్చు వేసిన వంట పుస్తకంలోనే ఈ పొరల పిండి సంగతి ఉంది. తరవాత 1800 దాటిన రోజుల్లో కారెమ్ అనే పేరున్న వంటాయన దీన్ని బాగా తీర్చిదిద్దారు. వాళ్ల ఒక మిఠాయి పేరు మిల్ ఫొయ్, అంటే వెయ్యి ఆకులు. పూతరేకుని మనం రేకు అన్నాం, వాళ్లు ఆకు అన్నారు.

మరి మనం నేర్చుకోవలసింది ఏమిటి? చల్లదనం. కాజా పిండికి ఎండాకాలం, చలికాలం అని పెద్ద తేడా లేదు. ఈ పిండికి ఉంది. ఇందులో గట్టి వెన్న వాడతాం. వెన్నలో నూటికి 80 పాళ్లు కొవ్వు ఉంటే, 16 పాళ్ల దాకా నీళ్లు ఉంటాయి. పొయ్యిలో పెట్టగానే ఆ నీళ్లు, పిండిలో ఉన్న నీళ్లు ఆవిరి అవుతాయి. ఆవిరి పైకి లేవబోతుంది. పొరల మధ్య కొవ్వు ఉంది కాబట్టి ఒక పొర ఇంకో పొరకి అంటుకోకుండా విడివిడిగా లేస్తాయి. సోడా వేయక్కర్లేదు, ఈస్టు వేయక్కర్లేదు. అంతా ఆవిరి మహిమ. కానీ ఒత్తేటప్పుడే వెన్న కరిగిపోతే పిండి దాన్ని పీల్చేసుకుంటుంది. పొర మాయమవుతుంది. అప్పుడు వచ్చేది బిస్కెట్టు, పొరల మిఠాయి కాదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతాదంతా మన చేతికి తెలిసిందే.

పిండి తయారీ

ఒక వాయికి కొలత చెబుతాం, రాసుకోండి. మైదా 250 గ్రాములు. ఉప్పు లేని వెన్న 200 గ్రాములు. ఉప్పు అర చెంచా. నిమ్మరసం ఒక చెంచా. ఫ్రిజ్‌లో పెట్టిన చల్లటి నీళ్లు 120 మిల్లీలీటర్ల వరకు. ఉప్పు వెన్న మాత్రమే దొరికితే పిండిలో వేరే ఉప్పు వెయ్యకండి. గ్లాసుతో, దోసిలితో కొలిచే పని ఇక్కడ కుదరదు. చిన్న తూకం మిషను ఒకటి సంఘానికి ఉంటే చాలు, అందరూ వాడుకోవచ్చు.

తెల్లవారుజామున మొదలు పెట్టండి. మన దగ్గర ఎండ ముదిరాక వంటింట్లో వెన్న చేతికి నిలబడదు. ఐదు గంటలకి పీట వేస్తే ఎనిమిదికల్లా ఒత్తే పని అయిపోతుంది. ఆ టైముకి కరెంటు కోతలు ఉంటాయా అన్నది కూడా ముందే చూసుకోవాలి.

మైదాలో 25 గ్రాముల వెన్న వేసి వేళ్లతో నలపండి. ఉప్పు, నిమ్మరసం, నీళ్లు పోసి కలపండి. చపాతీ పిండిలాగా గట్టిగా మర్దించొద్దు. పిండి ఒక ముద్దకి వస్తే చాలు. ఎక్కువ పిసికితే సాగుతుంది, ఒత్తిన ప్రతిసారీ వెనక్కి ముడుచుకుపోతుంది. మూత పెట్టి ఫ్రిజ్‌లో అరగంట ఉంచండి.

మిగిలిన 175 గ్రాముల వెన్నని రెండు బటరు పేపర్ల మధ్య పెట్టి అప్పడాల కర్రతో మెల్లగా కొట్టి ఆరు అంగుళాల చదరపు పలకగా చెయ్యండి. వెన్న సరిగా ఉందా లేదా అన్నది ఇలా చూడాలి. పలకని కొంచెం వంచితే వంగాలి, పుటుక్కున విరగకూడదు. వేలు నొక్కితే గుర్తు పడాలి, వేలికి జిడ్డు అంటకూడదు. విరిగితే రెండు నిమిషాలు బయట ఉంచండి. అంటితే పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. పిండి ఎంత మెత్తగా ఉందో వెన్న అంతే మెత్తగా ఉండాలి. ఒకటి గట్టి, ఒకటి మెత్తన అయితే లోపల వెన్న ముక్కలు ముక్కలు అవుతుంది.

పిండిని ఎనిమిదిన్నర అంగుళాల చదరంగా ఒత్తండి. వెన్న పలకని దాని మీద ఏటవాలుగా పెట్టండి, అంటే వెన్న మూల పిండి అంచు మధ్యకి వచ్చేట్టు. నాలుగు వైపులా మిగిలిన పిండి మూలల్ని ఉత్తరం కవరు మడిచినట్టు మధ్యకి మడిచి అంచులు నొక్కండి. ఇప్పుడు పొడి పిండి కొద్దిగా చల్లుకుంటూ, ఒకే వైపుకి, పద్దెనిమిది అంగుళాల పొడవు, ఆరు అంగుళాల వెడల్పు వచ్చేదాకా ఒత్తండి. పట్టుచీర మడతలాగా దాన్ని మూడు మడతలు వెయ్యండి. ఇది ఒక మడత. పావు చుట్టు తిప్పి మళ్లీ అలాగే ఒత్తి ఇంకో మడత. రెండు మడతలు అవగానే తడి గుడ్డ కప్పి ఫ్రిజ్‌లో నలభై నిమిషాలు. తరవాత ఇంకో రెండు మడతలు. మళ్లీ నలభై నిమిషాలు.

మడత వేసిన ప్రతిసారీ వెన్న పొరలు మూడింతలు అవుతాయి. ఒక మడతకి 3, రెండుకి 9, మూడుకి 27, నాలుగుకి 81. ఫ్రెంచివాళ్లు మామూలుగా ఆరు మడతలు వేస్తారు, అప్పుడు 729. మన ఇంటి అప్పచ్చులకి నాలుగు చాలు. ఎక్కువ పొరలు వెయ్యబోయి వెన్న కరిగించుకోవడం కన్నా తక్కువ పొరలు నిలబెట్టుకోవడం మేలు.

మూడు అప్పచ్చులు

మొదటిది పామియే. పిండిని రెండు సగాలు చేసుకోండి. ఒక సగం ఫ్రిజ్‌లోనే ఉంచి, రెండో సగాన్ని పీట మీద పొడి పిండికి బదులు పంచదార చల్లి పన్నెండు అంగుళాల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు ఒత్తండి. పైన కూడా పంచదార చల్లి కర్రతో మెల్లగా అదమండి. పన్నెండు అంగుళాల పొడవున్న రెండు చివర్లనుంచీ మధ్యకి మడుచుకుంటూ రండి. రెండు చుట్టలూ మధ్యలో కలిశాక ఫ్రిజ్‌లో పావుగంట పెట్టి, వేలు లావు ముక్కలు కొయ్యండి. ఒక సగానికి పదిహేను, మొత్తం ముప్ఫై వస్తాయి. పళ్లెంలో దూరం దూరంగా పెట్టండి, అవి పక్కలకి విచ్చుకుంటాయి. ఓవెన్ 200 డిగ్రీలకి ముందే వేడి చేసి ఉంచాలి. పన్నెండు నిమిషాలకి తీసి, తిరగేసి, ఇంకో ఐదారు నిమిషాలు. పంచదార కరిగి పాకం రంగుకి వస్తుంది. ఆ ఐదు నిమిషాలు దగ్గరే నిలబడండి. బంగారం రంగుకీ మాడుకీ మధ్య ఒక నిమిషమే తేడా.

రెండోది మెలిపుల్లలు. పిండిని అలాగే ఒత్తి, పంచదార, సన్నగా కొట్టిన జీడిపప్పు చల్లండి. ఫ్రాన్సులో బాదం వేస్తారు. మనకి మోరి జీడిపప్పు దగ్గరే ఉంది, విరిగిన గుళ్లు చవకగా వస్తాయి, అవే చాలు. కర్రతో అదిమి, వేలు వెడల్పు పట్టీలు కోసి, రెండు చివర్లూ పట్టుకుని జడ మెలిపెట్టినట్టు తిప్పి పళ్లెంలో పెట్టండి. పదిహేను, పద్దెనిమిది నిమిషాలు. పిల్లలకి ఇది బాగా నచ్చుతుంది, చేతిలో పట్టుకుని తినొచ్చు.

మూడోది మనకి బాగా దగ్గర. ఫ్రెంచివాళ్లు దీన్ని షోసన్ అంటారు, లోపల యాపిల్ ముద్ద పెడతారు. చూడ్డానికి అచ్చం కజ్జికాయే. యాపిల్ మనకెందుకు, కొబ్బరి ఉంది. ఒక కొబ్బరికాయ తురిమి, తురుములో సగం కొలత బెల్లం వేసి, గరిటెకి ముద్దగా వచ్చేదాకా ఉడికించి యాలకుల పొడి వెయ్యండి. అదే మన కొబ్బరి లౌజు. అది పూర్తిగా చల్లారాలి. వేడి లౌజు పెడితే వెన్న అక్కడే కరిగిపోతుంది. పిండిని నాలుగు అంగుళాల చదరాలు కొయ్యండి, ఒక వాయికి పన్నెండు వస్తాయి. ఒక్కోదాంట్లో ఒక పెద్ద చెంచా లౌజు పెట్టి, అంచుకి నీళ్లు రాసి, మూలకి మూల మడిచి గట్టిగా నొక్కండి. పైన చాకుతో రెండు చిన్న గీతలు పెట్టండి, ఆవిరి బయటికి పోవాలి. పాలు రాసి 200 డిగ్రీల మీద ఇరవై నిమిషాలు.

ఈ మూడింటిలో గుడ్డు లేదు. కార్తీక మాసంలో, శివరాత్రికి మా ఊరి క్షణ ముక్తేశ్వరస్వామి గుడికి వచ్చేవాళ్లు, అయినవిల్లి వినాయకుడి గుడికి వచ్చేవాళ్లు, రేవులో పంటు దిగి వచ్చేవాళ్లు చాలామంది ఆ రోజుల్లో గుడ్డు ముట్టరు. గుడ్డు లేని బేకరీ తీపి అని చెప్పగలగడం మనకి లాభమే.

అడిగిన ప్రశ్నలు

మేము ఈ పని చూపించిన చోటల్లా అక్కచెల్లెళ్లు ఇవే అడిగారు, కాబట్టి జవాబులు ఇక్కడే చెబుతాం.

వెన్నకి బదులు నెయ్యి వెయ్యొచ్చా? నెయ్యిలో నీళ్లు ఉండవు, పైగా మన వాతావరణంలో తొందరగా జారిపోతుంది. రుచి బాగుంటుంది కానీ పొర అంత లేవదు. నెయ్యి మడత కాజాకి ఉంచుకోండి.

వనస్పతి, బేకరీ మార్జరిన్ వెయ్యొచ్చా? ఎండకి కరగవు, చవక, పని సులువు. బేకరీలు అందుకే వాడతాయి. కానీ నోట్లో కరగవు, అంగిలికి మైనంలాగా అంటుకుంటాయి. ఒకప్పుడు వీటిలో గుండెకి చేటు చేసే ట్రాన్స్ కొవ్వు ఎక్కువ ఉండేది. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో అది నూటికి 2 పాళ్లు దాటకూడదని మన దేశ ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది. వాడదలుచుకుంటే ప్యాకెట్ మీద ఆ అంకె చూసి కొనండి. కానీ ఒక్క నియమం మన సమాఖ్య అంతా పాటించాలి. డాల్డాతో చేసిన దాన్ని వెన్నతో చేశామని చెప్పి అమ్మకూడదు. ఒక సంఘం మాట పోతే అన్ని సంఘాల మాటా పోతుంది.

ఓవెన్ లేకపోతే? ఇసుకో ఉప్పో పోసి వేడి చేసిన మందపాటి మూకుడులో స్టాండు పెట్టి, మూత వేసి పామియే చేసుకోవచ్చు. కింద ఎర్రగా వస్తుంది, పైన తెల్లగా ఉంటుంది, తిరగెయ్యాలి. ఇంట్లో పిల్లలకి పెట్టుకోవడానికి సరిపోతుంది. అమ్మకానికి సరిపోదు. లౌజు పెట్టినవి అందులో సరిగా ఉడకవు. ఈ పిండిని నూనెలో మాత్రం వెయ్యకండి, వెన్న నూనెలోకి కారిపోతుంది.

ఎన్నాళ్లు నిల్వ ఉంటాయి? పామియే, మెలిపుల్లలు పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెడితే ఐదారు రోజులు కరకరలాడుతూ ఉంటాయి. వానాకాలంలో అంతకంటే ముందే మెత్తబడతాయి. లౌజు పెట్టినవి ఏ రోజువి ఆ రోజే అమ్మండి, మిగిలితే మర్నాటికి ఇంట్లో తినండి. పచ్చికొబ్బరి మన ఉక్కపోతకి తొందరగా పాడవుతుందని మనకంటే ఎవరికి బాగా తెలుసు?

ఒంటికి మంచిదేనా? మంచిదని చెప్పం. మైదా, వెన్న, పంచదార. ఒక్కో పామియేలో దగ్గర దగ్గర ఏడు గ్రాముల వెన్న ఉంటుంది. పండక్కి, పబ్బానికి ఒకటో రెండో తినేది. షుగరు ఉన్నవాళ్లకి బలవంతంగా పెట్టకండి.

అసలు లెక్క

ఇక ముఖ్యమైన మాట. అప్పచ్చులు చెయ్యడం రాక మనం నష్టపోవడం లేదు. మన చేతి పనికి ధర కట్టక నష్టపోతున్నాం.

ఒక ఉదాహరణ వేసి చూపిస్తాం. ధరలు మీ ఊళ్లో ఎలా ఉంటే అలా మార్చుకోండి. వెన్న కిలో 600 రూపాయలు అనుకుంటే 200 గ్రాములకి 120. మైదా 13. పంచదార 5. ఓవెన్ గంటసేపు తిరిగితే కరెంటు 8. కాగితం, కవర్లు 20. మొత్తం 166 రూపాయలకి ముప్ఫై పామియేలు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఒక్కోటి 7 రూపాయలకి అమ్మితే 210 వచ్చింది, 44 మిగిలింది, బాగుంది కదా అంటారు. కానీ ఒత్తడం, కొయ్యడం, ఓవెన్ దగ్గర కాపలా కలిపి రెండు గంటలు పట్టింది. రెండు గంటలకి 44 అంటే గంటకి 22 రూపాయలు. పొలం పనికి వెళ్లినా అంతకన్నా ఎక్కువ వస్తుంది. ఇంట్లో కూర్చుని చేశాం కదా అని ఆ గంటలు మనం ఊరికే ఇచ్చేస్తున్నాం. ఇంట్లో చేసిన పని పని కాదని ఇంటివాళ్లు అనుకోవడం ఒక ఎత్తు, మనమే అనుకోవడం ఇంకో ఎత్తు.

గంటకి 60 రూపాయలు మన కూలి వేసుకోండి. రెండు గంటలకి 120. అప్పుడు వాయి ఖర్చు 286, ఒక్కోటి తొమ్మిదిన్నర రూపాయలు పడుతుంది. ఇద్దరు కలిసి రెండు వాయిలు ఒకేసారి చేస్తే? పిండి ఫ్రిజ్‌లో ఉండే టైము కలిసి వస్తుంది. ఇద్దరిదీ కలిపి నాలుగు గంటల పని మూడు గంటల్లో అవుతుంది. సరుకు 332, కూలి 180, మొత్తం 512. అరవైకి పంచితే ఒక్కోటి ఎనిమిదిన్నర. సంఘంగా చెయ్యడం వల్ల లాభం ఇదిగో, రూపాయిల్లో కనిపిస్తోంది.

ఇప్పుడు ఓవెన్ సంగతి. పది వేలు స్త్రీనిధి నుంచో, గ్రామ సంఘం నుంచో తీసుకుని కొన్నాం అనుకుందాం. ఏడాదిలో తీర్చాలంటే వడ్డీతో కలిపి నెలకి 900 దాకా వాయిదా పడుతుంది అనుకుందాం. పామియే 12 రూపాయలకి అమ్మితే, మన కూలి పోను, రెండు వాయిలు కలిపి చేసిన రోజున 208 మిగులుతుంది. నెలలో అలాంటి రోజులు ఐదు ఉంటే వాయిదా వెళ్లిపోతుంది. అదే 10 రూపాయలకి అమ్మితే మిగిలేది 88. అప్పుడు పదకొండు రోజులు చెయ్యాలి, 660 పామియేలు అమ్మాలి. ధరలో రెండు రూపాయలు తగ్గిస్తే పని రెట్టింపు కన్నా ఎక్కువైంది. మొహమాటానికి తగ్గించే ఆ రెండు రూపాయలు ఎవరి కష్టంలోంచి పోతున్నాయో చూడండి.

అందుకని మేము చెప్పేది, ఓవెన్ ముందు కొనొద్దు. ఊళ్లో ఎవరింట్లోనైనా ఉంటే కరెంటు ఖర్చు ఇచ్చి వాడుకోండి. లేదా దగ్గరి బేకరీవాళ్ల ఓవెన్ వాళ్ల పొద్దుటి వాయి అయ్యాక ఖాళీగా ఉంటే అద్దెకి అడగండి. పది ఆర్డర్లు చేతికి వచ్చి, డబ్బు చేతికి అంది, మళ్లీ అడిగినవాళ్లు ఉన్నారా అని చూశాక అప్పుడు అప్పు గురించి మాట్లాడదాం. ఓవెన్ అటక ఎక్కినా వాయిదా మాత్రం ప్రతి నెలా తలుపు కొడుతుంది. గ్రూపులో ఒకరు వాయిదా కట్టలేకపోతే మిగతా తొమ్మిది మంది ముందు తలదించుకోవలసి వస్తుంది. ఆ పరిస్థితి ఒక తీపి కోసం తెచ్చుకోకూడదు.

ఎక్కడ అమ్మాలి?

మన దగ్గర సారె సంప్రదాయం ఉంది. పెళ్లికి, సీమంతానికి సారె పెడితే కాజాలు, లడ్డూలు, మైసూరుపాకు, సున్నుండలు పళ్లేలు పళ్లేలు వెళతాయి. ఆ పళ్లేలలో ఒకటి మనది పెట్టండి. చుట్టాలు కొత్తగా ఉందే అంటారు, ఎవరు చేశారని అడుగుతారు. ఆర్డరు మీద చేస్తే మిగిలిపోయే భయం ఉండదు. సంక్రాంతికి కొత్తల్లుళ్లు వచ్చే ఇళ్లు, స్కూళ్లలో ఆగస్టు 15 వేడుకలు, కార్తీక మాసం వనభోజనాలు, ఇవన్నీ ముందే తెలిసిన తేదీలు. క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి.

అమ్మకం మొదలు పెట్టేముందు ఆహార భద్రతా సంస్థ దగ్గర చిన్న వ్యాపారులకి ఇచ్చే రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ఫీజు ఏడాదికి 100 రూపాయలే. ప్యాకెట్ మీద పేరు, చేసిన తేదీ, ఎన్నాళ్లలో తినాలి, బరువు, ఏమేమి వేశాం అన్నది రాయండి. గోధుమ, పాలు, జీడిపప్పు పడనివాళ్లు ఉంటారు, అవి ఉన్నాయని తప్పకుండా రాయండి. ఆహార శుద్ధి చేసే సంఘ సభ్యులకి మనిషికి 40,000 రూపాయల దాకా మూల పెట్టుబడి ఇచ్చే కేంద్ర పథకం ఒకటి 2020లో మొదలైంది. మన పనికి అది వర్తిస్తుందా అన్నది మండల కార్యాలయంలో ఏపీఎం గారిని అడిగి తెలుసుకోండి.

చివరిగా సమాఖ్యకి మా విన్నపాలు మూడు. ఒకటి, మండలానికి ఒక ఓవెన్, ఒక తూకం మిషను సమాఖ్య భవనంలో ఉమ్మడిగా ఉంచాలి. సంఘాలు గంటల లెక్కన అద్దె కట్టి వాడుకుంటాయి. రెండు, ఏ తినుబండారం శిక్షణ ఇచ్చినా చివరి గంట ధర కట్టే లెక్కకి కేటాయించాలి, అందులో చేతి కూలి గడి తప్పకుండా ఉండాలి. మూడు, మన సంఘాల వాళ్లు ఒకరితో ఒకరు పోటీపడి ధర తగ్గించుకోకుండా, కనీస ధర ఇదీ అని అందరం కూర్చుని తీర్మానం చేసుకోవాలి.

పూతరేకు తీసే చెయ్యి, కాజా మడిచే చెయ్యి ఈ పిండిని కూడా మడవగలదు, అందులో మాకు అనుమానం లేదు. ఈ దీపావళికి ముందు ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దరు ముక్తేశ్వరం రండి. తెల్లవారుజామున ఐదు గంటలకి పని మొదలవుతుంది కాబట్టి ముందు రోజు రాత్రికే వచ్చి మా ఇళ్లలో ఉండండి. పీట, కర్ర మా దగ్గర ఉన్నాయి. ఒక నోటు పుస్తకం, పెన్ను మాత్రం మర్చిపోకుండా తెచ్చుకోండి.